తలుపు మీదికెక్కిన బర్రె

ఆ రోజుల్లో మెదక్‌లో పొద్దున లేచినవాళ్లు మొహం కడుక్కోకముందే ఎదురింటివాళ్లను రెండు సంగతులు అడిగేవారు. "ఇయ్యాల బందు ఉన్నదా?" అనేది మొదటిది, "కరెంటు ఎప్పుడు తీస్తరట?" అనేది రెండోది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరు ఊరంతా రోడ్డెక్కిన కాలమది. బస్సు ఏ పూట నడుస్తుందో, ఏ పూట డిపోలో పడుకుంటుందో ఎవరికీ తెలియదు. అందరికీ ఉన్న ఈ రెండు చింతలు కాక నాకు సొంతంగా మూడోది ఒకటి ఉండేది. అది కంప్యూటర్ భయం. కంప్యూటర్ నేర్చిన పిల్లనని బజారంతా పేరు పడిపోయింది కాబట్టి ఆ భయాన్ని ఎవరితోనూ చెప్పుకునే వీలు లేదు. (తెలియదన్నవాళ్ల భయాన్ని లోకం క్షమిస్తుంది. తెలుసన్నవాళ్లు భయపడితే మాత్రం ఊరుకోదు.)

మెకానికల్ డిప్లొమా అయ్యాక హైదరాబాదులో క్యాడ్ కోర్సులో చేరాను. వస్తువులను కంప్యూటర్ మీద కొలతలతో సహా తయారుచేయడం అన్నమాట. బోల్టు చేశాను, నట్టు చేశాను, పైపు వంపు చేశాను. పైపు వంపు నాకు ఎంత బాగా కుదిరిందంటే సారు దాన్ని క్లాసంతటికీ చూపించారు. ఇక అసలు పాఠాలు మొదలవుతాయనగా బందుల మీద బందులు వచ్చి ఇన్‌స్టిట్యూట్ తలుపులు మూసుకుంది, నేను పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాను. మా మేనమామకు రామాయంపేట రోడ్డు మీద సామిల్లు ఉండేది. దాని పక్క షెడ్డులో ఆయన అప్పుడే ఒక చెక్కుడు మిషను దింపాడు. సర్కారు దిగుమతులకు గేట్లు తెరిచాక చైనా నుంచి రానిదంటూ లేకుండా పోయింది, ఆఖరికి మన లక్ష్మీదేవిని చెక్కే మిషను కూడా అక్కడి నుంచే వచ్చింది. కంప్యూటర్‌లో బొమ్మ ఎట్లా ఉంటే, దాని సూది చెక్క మీద అట్లా తిరిగి చెక్కుతుంది. మామ దానికి పసుపు పెట్టి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, ఆ తర్వాత దాని జోలికే పోలేదు. "మనం ఒకటి జెప్తే అదొకటి జేసేటట్టున్నది బిడ్డా. నువ్వు సదువుకున్నదానివి, నువ్వే సూస్కో" అన్నాడు. అట్లా నాకు ఉద్యోగం వచ్చింది.

మిషనుతో పాటు బొమ్మల సీడీ ఒకటి ఇచ్చారు. దాన్నిండా రెక్కల పాములు, ద్రాక్షగుత్తులు, కారణం లేకుండా నవ్వే లావుపాటి మనుషులు. వెతగ్గా వెతగ్గా గజలక్ష్మి కూడా దొరికింది గాని, ఆ తల్లి చేతిలో ఉన్నది తామరపువ్వో గోబీపువ్వో తేల్చుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

అప్పుడు వచ్చాడు గంజి పటేల్. శివ్వంపేట వైపు భూములున్న ఆసామి. వ్యవసాయం కొడుకుల మీద వదిలి కొత్తగా రాజకీయాల్లోకి దిగాడు. దిగినప్పటి నుంచీ చొక్కాకు ఎంత గంజి పెట్టించేవాడంటే, ఆయన కూర్చుంటే అది పటపటమని చప్పుడు చేసేది. (ఈ పేరు పెట్టింది మా మామే. పటేల్ ముందర మాత్రం 'పటేలా' అని తేనె కారేలా పిలిచేవాడు.) ఆయన కొత్త ఇల్లు కడుతున్నాడు. చేనులోని టేకుచెట్టు గాలివానకు పడిపోతే, దాన్ని మా సామిల్లులోనే కోయించి పెద్దతలుపు పెట్టాలనుకున్నాడు. మొత్తం చెట్టులో ముడి లేకుండా, తలుపుకు సరిపడే వెడల్పుతో వచ్చింది ఒకే ఒక్క పలక.

"పైన గజలక్ష్మి ఉండాలె. రెండు దిక్కుల ఏనుగులు నీళ్లు పొయ్యాలె. రేపు లీడర్లు వస్తరు, గడప దాటకముందు జర నిలవడి సూడాలె" అన్నాడు పటేల్. "కింద పూలో, తీగలో, నీ ఇష్టమొచ్చినయి వెయ్యి."

"మా బిడ్డ మస్తు హుషారు పటేలా" అన్నాడు మామ. అదే ఊపిరిలో నా వైపు తిరిగి, "ఇది కరాబైతే గిసొంటి చెక్క మల్ల దొరకదు" అన్నాడు. ఆ రెండు మాటల మధ్య నా అరచేతులకు పట్టిన చెమటను దుపట్టాకు తుడుచుకోవడం నాకు ఇప్పటికీ గుర్తే.

ఎట్లాగో పైన గజలక్ష్మి కుదిరింది. గోబీపువ్వును తామరపువ్వు చేయగలిగాను. హమ్మయ్య అనుకుని కింది భాగానికి పూలతీగ సిద్ధం చేస్తుంటే, షెడ్డు ముందు ఆటో ఆగి పటేలమ్మ దిగింది. పటేల్ భార్య. చేతిలో మజ్జిగ క్యాను, కొంగు నడుముకు చెక్కి ఉంది. కుర్చీ వేస్తే వద్దని, ఒక దుంగ మీద కూర్చుంది.

"కింద పూలు చెక్కినవా బిడ్డా?"

"ఇంక లేదు పెద్దమ్మా. రేపు మొదలుపెడత."

"పూలొద్దు. మా బర్రెను చెక్కు."

"ఏ బర్రె పెద్దమ్మా?"

"మా బర్రె" అంది ఆమె, లోకంలో ఉన్నదే ఒక బర్రె అయినట్టు. నేను నోరు తెరిచి చూస్తుంటే నెమ్మదిగా చెప్పుకొచ్చింది. "బోర్లన్నీ ఎండిపోయి ఆయన ఎడ్లనమ్ముకున్ననాడు మమ్ముల సాదింది గదే. పోరగాండ్లు సదివింది దాని పాలతోనే. గీ ఇల్లు లేసింది దాని పాలతోనే. పైన లక్ష్మి ఉన్నదంటున్రు గదా, ఆ తల్లి మా ఇంటికి ఎన్నడొచ్చింది? వస్తే బర్రె రూపంలనే వచ్చింది."

మామ గొంతు సవరించుకున్నాడు. "అక్కా, బర్రె యముని వాహనమంటరు. పెద్దతలుపు మీద..."

"యముడెక్కేది దున్నపోతును. మాది పాలిచ్చేది."

మామ నా వైపు చూశాడు. నేనే ధైర్యం చేసి, "పటేల్‌కు ఎరికేనా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఎరికైతే ఒప్పుకుంటడా? తలుపు పెట్టినంక సూస్తడు. పెట్టిన తలుపు పీకుతడా ఏంది?" అని లేచి నిలబడింది. "నన్ను ఇంతవరకు ఏం గావాలని ఎవ్వరడగలే బిడ్డా. నేను గూడ అడగలే. గిదొక్కటే అడుగుతున్న" అని, క్యాను అక్కడే వదిలి ఆటో ఎక్కింది.

ఆటో చప్పుడు వినబడకుండా పోయేదాకా ఆగి మామ అన్నాడు. "నేనేం ఇన్లే. నేనసలు షెడ్డులనే లేను." అని సామిల్లులోకి వెళ్లిపోయాడు.

నాకు బర్రెను చేయడం రాదు. బోల్టుకు కొలతలుంటాయి, బర్రెకు ఎక్కడ పట్టుకుని కొలవాలి? మళ్లీ సీడీలో పడ్డాను. బర్రె అన్నది ఆ దేశంలో ఉందో లేదో గాని సీడీలో లేదు. దొరికినదల్లా మూపురం పెంచుకుని, తల వంచి ఎవరినో కుమ్మడానికి ఉరికివస్తున్న అడవిదున్న. అదే గతి అనుకుని తెరిచాను. తెర మీద ఏమీ రాలేదు. ఫైలు సరిగా ఎక్కలేదనుకుని మళ్లీ ఎక్కించాను. మళ్లీ ఏమీ లేదు. అట్లా విసుగు పుట్టేదాకా ఎక్కిస్తూ పోయి, చివరికి 'మొత్తం చూపించు' అనే మీట నొక్కితే తెర మధ్యలో చీమంత చుక్క కనిపించింది. దగ్గరికి పోయి చూద్దును కదా, దున్నల మంద. ఒకదానిలో ఒకటి దూరి నిలబడి ఉన్నాయి. వాళ్లు అంగుళాల్లో చేసిన జంతువును నా కంప్యూటర్ మిల్లీమీటర్లనుకుని చీమను చేసింది, నేనేమో ఆ చీమలను ఒకదాని మీద ఒకటి కుప్ప పోశాను. ఒక్క దున్నను మిగిల్చి, మిగతావాటిని తీసేసి, పెద్దది చేశాను.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. నేను నేర్చుకున్న క్యాడ్‌లో వస్తువంటే గట్టి దిమ్మ. ఎక్కడ కోసినా లోపల సరుకు ఉంటుంది. బయటి నుంచి తెచ్చిన ఈ దున్న అట్లాంటిది కాదు. వేల చిన్న చిన్న త్రికోణాలను అంచుకు అంచు కలిపి కుట్టిన ఉత్త తోలు. మెష్ అంటారని విన్నాను గాని, ఎప్పుడూ ముట్టుకోలేదు. బర్రెకు మూపురం ఉండదు కదా అని దాన్ని కోసేశాను. కోసి లోపలికి తొంగిచూస్తే గొయ్యి. పేగుల్లేవు, ఎముకల్లేవు, నా చదువు లాగే లోపలంతా ఖాళీ. ఆ చిల్లును పూడ్చడానికి ఒక్కొక్క త్రికోణం చేత్తో అతికిస్తూ కూర్చున్నాను. దీన్ని దిమ్మగా మార్చేస్తే పని తేలికవుతుందనిపించి ఆ మీట నొక్కాను. కంప్యూటర్ ఆలోచనలో పడింది. అది ఆలోచిస్తుండగానే కరెంటు పోయింది, బ్యాటరీ పెట్టె కీచుమని ఏడ్చి ఊరుకుంది, అతికించినవన్నీ గాలిలో కలిశాయి. మరుసటి పూట త్రికోణాలు మరీ ఎక్కువయ్యాయని తగ్గించి చూశాను. అప్పుడే మామ (షెడ్డులో లేనివాడు) భుజం మీది నుంచి తొంగిచూసి, "గిది బర్రెనా, కంకరరాయా?" అని అడిగాడు.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. కొమ్ములు ముందుకు పొడుచుకుని ఉంటే వాటిని ఊడబెరికి, నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య ప్రయోగించాను. వెనక్కి తిరిగిన రెండు పైపు వంపులు చేసి, చివర సన్నబరిచి నెత్తిన అతికించాను. నిజంగా బర్రె కొమ్ముల్లాగే వచ్చాయి. ఆ ఒక్క పూట మాత్రం నాకు భయం తగ్గింది. ఆ తర్వాత దున్నను ఆడదాన్ని చేయాల్సిన ఘట్టం వచ్చింది. మామ చాయకు పోయేదాకా కాచుకుని, తీసేయవలసింది తీసేశాను. పొదుగు అతికిస్తుండగా ఆయన తిరిగొచ్చి, తెర వంక ఒకసారి చూసి, గోడ మీది పాత క్యాలెండర్‌లో తిథులు చదవడం మొదలుపెట్టాడు.

టేకు మీద పెట్టేముందు ఒక మామిడిచెక్క మీద చెక్కి చూశాం. అంతా బాగానే సాగుతోందనుకుంటుండగా బర్రె కడుపు దగ్గర సూది బుడుంగున మునిగి అవతలికి తేలింది. ఎక్కడో రెండు త్రికోణాల అంచులు కలవలేదు, అక్కడ అడుగు లేదని మిషను లోపలికి దిగిపోయింది. మామ ఆ చెక్క తీసి, చిల్లులో కన్ను పెట్టి నన్ను చూశాడు. "గిందులకెల్లి నువ్వు మంచిగనే కనవడుతున్నవ్ బిడ్డా. పటేల్ గిట్ల సూస్తే ఇద్దరం కనవడం." ఆ రోజు నాకు అన్నం దిగలేదు. కళ్లు మూసుకుంటే చాలు, టేకుపలక మీద చిల్లులే కనిపించేవి.

ఇదంతా చాలదన్నట్టు పటేలమ్మ మధ్యమధ్య వచ్చి చూసి పోయేది. మొదటిసారి, "కొమ్ము గిట్ల గాదు, ఎడమది కిందికి వాలి ఉంటది" అంది. వాల్చాను. తర్వాత వచ్చినప్పుడు, "వాలుడేంది? రెండు సక్కగ సుట్టుకొని ఉంటయి" అంది. చుట్టాను. ఆ తర్వాత చెవికి గాటు కావాలంది, ఇంకోసారి గాటెందుకు పెట్టావంది. నేను ఏడుపు మొహంతో, "పెద్దమ్మా, అసలు మీ బర్రె ఎట్లుంటదో ఒక్కసారి కండ్లు మూసుకొని చెప్పుండ్రి" అన్నాను. ఆమె నిజంగానే కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిచి, కొంచెం సిగ్గుపడింది. "కొమ్ము వాలింది మొదటి బర్రెకు బిడ్డా. సక్కగున్నది దాని బిడ్డకు. చెవి గాటు ఇప్పుడున్న మనుమరాలికి. నాకు అన్ని ఒక్కటే తీరు యాదికొస్తయి." తెర మీది బర్రె వంక చూస్తూ, "మూడింటిని కలిపెయ్యి. దేవునికి నాలుగు తలకాయలున్నయి గదా, దీనికి మూడు బర్రెల పోలిక ఉంటే ఏమైతది?" అంది.

అప్పటికి గృహప్రవేశం ముంచుకొచ్చింది. మిషను గంటల తరబడి ఆగకుండా నడవాలి, కరెంటేమో నిలవదు. మామకు ఉపాయం తట్టింది. బందునాడు ఊళ్లో మిషన్లన్నీ ఆగిపోతాయి కాబట్టి కరెంటు మంచిగా ఉంటుందని ఆయన లెక్క. షట్టర్ దించేసి లోపల చెక్కుదామన్నాడు. బందునాడు పని చేయడమా అని నేను వణికాను. "చప్పుడు బయటికి రాదు" అన్నాడు, సామిల్లులో చెవులు సగం పోయిన మనిషి.

ఆ రోజు మా షెడ్డు ముందే రాస్తారోకో పెట్టారు. రోడ్డు మీద రాళ్లు పేర్చి, వంట గంజులు ఎక్కించి, అక్కడే వంటావార్పు. నినాదాలు షట్టర్‌కు తగిలి గణగణమంటున్నాయి. లోపల బర్రె తల అయింది, మెడ అయింది, ముందరి కాళ్లు అయ్యాయి. నేను ఊపిరి బిగబట్టి, సూది కడుపు వైపు జరుగుతుండటం చూస్తున్నాను. అప్పుడు షట్టర్ మీద దబదబ బాదారు.

మామ నా దగ్గరికి ఉరికొచ్చాడు. "అయిపోయింది బిడ్డా. బందునాడు మిషన్ పెట్టినమని పట్టుకున్నరు." నేను మిషను ఆపాను. చప్పుడు ఆగిపోవడంతో బయటి గొంతు స్పష్టంగా వినిపించింది.

"లోపల ఎవరున్నరు? జర కట్టెపేళ్లుంటే ఇయ్యుండ్రి, పొయ్యి అంటుకుంటలేదు."

ఆ గొంతు పటేల్‌ది. ఎవరొచ్చినా బాగుండేది, ఆయన తప్ప. షట్టర్ సగం ఎత్తేసరికి వంగి లోపలికి వచ్చేశాడు. పొగకు కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి, చొక్కా గంజి అంతా మెత్తబడి మామూలు మనిషిలా ఉన్నాడు. నేను పలక ముందు నిలబడి దుపట్టా రెండు చేతులా చాపాను. (ఆ పలక అంత పెద్దది, నేను ఇంత. ఏం దాగుతుందనుకున్నానో నాకే తెలియదు.)

"జరుగు బిడ్డా" అన్నాడు. జరిగాను.

పైన గజలక్ష్మి కొలువై ఉంది. కింద బర్రె సగం బయటికి వచ్చి, సగం ఇంకా చెక్కలోనే ఉండి, పటేల్‌నే చూస్తోంది.

"గిదేంది?"

"నేనైతే ఊళ్లనే లేను పటేలా" అన్నాడు మామ.

ఇక చెప్పక తప్పలేదు. మొదలు ఎక్కడో చివర ఎక్కడో తెలియకుండా పటేలమ్మ అన్న మాటలన్నీ అప్పజెప్పాను. యముడిది దున్నపోతు అన్న మాట కూడా వదల్లేదు. పటేల్ వింటూ వింటూ ఆమె కూర్చున్న దుంగ మీదే కూర్చున్నాడు. ఆయన అరుస్తాడని, పలకను పనికిరాకుండా చేశామంటాడని నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను.

"ఎడ్లనమ్మిననాడు బర్రెను గూడ అమ్ముతనన్న" అన్నాడు చివరికి. "ఆమె పగ్గం పట్టుకొని కొట్టంలనే కూసున్నది. పొద్దుమూకేదాంక లేవలే. నన్ను కొట్టంలకు రానియ్యలే. మస్తు తిట్టిన గప్పుడు." మొహం మీది పొగ తుడుచుకున్నాడు. "లీడర్లొచ్చి సూస్తే నవ్వుతరేమో గదా?" అని మామను అడిగాడు. మామ తల అవునన్నట్టూ కాదన్నట్టూ తిప్పాడు.

పటేల్ లేచి, కట్టెపేళ్లు చంకలో పెట్టుకున్నాడు. "నేను సూడలే. సమజైందా? నాకు తెల్వకుంటనే అయిందని ఆమె అనుకోవాలె. మీరెవ్వరు చెప్పొద్దు." షట్టర్ కింద వంగుతూ ఆగి, తెర మీది బర్రె వంక చూశాడు. "పొదుగు దాంక ఇంక రాలేదు గదా? జర పెద్దగనే వెయ్యి బిడ్డా. గది గంత తక్కువ పాలియ్యలే."

ఆగిన మిషను ముందు కూర్చుని, సగం చెక్కిన బర్రెకు పొదుగు పెద్దది చేసిన ఆ ఘడియ ఎట్లా గడిచిందో దేవుడికే తెలుసు. కొత్త త్రికోణాలు పాతవాటితో కలిశాయా లేదా అని అంచు అంచూ వెతికి, మళ్లీ వెతికి, మీట నొక్కి కళ్లు మూసుకున్నాను. మామ నిమ్మకాయ పట్టుకుని నిలబడ్డాడు. చిల్లు పడలేదు. ఆపి మొదలుపెట్టిన చోట భుజం దగ్గర సన్నని గీత మాత్రం పడింది. ఎంత గరుకు కాగితం రుద్దినా పోలేదు.

గృహప్రవేశం నాడు నా అవస్థ ఎవరికీ రాకూడదు. పటేల్‌కు చెప్పొద్దని ఆమె, ఆమెకు చెప్పొద్దని ఆయన. ఎవరు పలకరించినా నేను గోడలకు వేసిన సున్నం గురించి మాట్లాడాను. అయ్యగారు గడప పూజకు కూర్చుని, పైన లక్ష్మికి అక్షింతలు వేసి, కిందికి చూసి ఆగిపోయారు.

"పటేల్ గారూ, ఇదేం వాహనం?"

పటేలమ్మ చేతిలో హారతి పళ్లెం కదిలింది. మామ అప్పటికే జనం వెనక్కి జరిగాడు.

"కామధేనువు" అన్నాడు పటేల్, రెప్ప కొట్టకుండా.

అయ్యగారు ఇంకా వంగి చూశారు. "కామధేనువుకు కొమ్ములు గిట్లుంటయా?"

"మా దిక్కు గిట్లనే ఉంటయి అయ్యగారూ. కుంకుమ పెట్టుండ్రి."

ఆయన పెట్టారు. పటేలమ్మ భర్త మొహంలోకి చూసింది. ఆయన మాత్రం పందిరి గుంజలు సరిగా పాతారా లేదా అన్నట్టు ఎటో చూస్తున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. బంతిలో నాకు వడ్డించడానికి తనే వచ్చి, వంగి చెవిలో అడిగింది.

"ఆయనకెట్ల తెలిసింది?"

"నాకు తెల్వదు పెద్దమ్మా."

"నీకు అబద్ధమాడుడు వస్తలేదు బిడ్డా" అని, వద్దంటున్నా ఆకు నిండా గడ్డపెరుగు వేసింది.

ఇప్పుడు నేను మనోహరాబాద్ దగ్గరి ఒక కంపెనీలో డిజైన్ పని చూస్తున్నాను. నా దగ్గర పనిచేసే పిల్లలు ఎక్కడెక్కడివో మెష్‌లు తెచ్చి, ఒక్క మీటతో చిల్లులు పూడ్చి, ఇంకో మీటతో దిమ్మలు చేసి, చాయ తాగుతూ నవ్వుకుంటారు. చెడితే వెనక్కి తిప్పేస్తారు. వాళ్లకు భయమంటే ఏమిటో తెలియదు, తెలియకపోవడమే మంచిది. ఒక్కోసారి వాళ్లను చూస్తుంటే, ఆ షెడ్డులో తెర ముందు ముడుచుకుని కూర్చున్న బక్కపిల్ల గుర్తుకొస్తుంది. వచ్చిందేమో పైపు వంపు, ఒప్పుకున్నదేమో ఒక ఇంటి పెద్దతలుపు. ఇన్నాళ్లయ్యాక తలుచుకుంటే అంతటి తెగింపు ఇప్పుడు నాకు రాదనిపిస్తుంది. ఆ పిల్ల మాత్రం ఆ రోజులన్నీ తను భయపడుతున్నాననే అనుకుంది.